చెయ్యెత్తితే ఆగే లాంచీ

గోదారమ్మా, తొందరంటే తెలియని ఆ పూటల్ని ఏ లంకలో దాచేశావు తల్లీ?

రాజమండ్రి రేవులో మంచుదుప్పటి కింద నీళ్ళింకా నిద్రలోనే ఉండగా లాంచీ గొంతు సవరించుకునేది. తాతయ్య భుజాన తుండుగుడ్డ, చేతిలో సత్తుచెంబు, వెనకాల నేను. అంతకు మించిన సరంజామా లేదు. "ఎందాకా తాతయ్యా?" అంటే, "మనసు దిగమన్న రేవుదాకారా" అనేవాడు. పట్టిసీమ వీరభద్రుడికి దూరం నుంచే దండం పెట్టి, పోలవరం దాటి, దేవీపట్నం గట్టున టీ తాగి, అక్కడ నచ్చితే అక్కడే దిగిపోయేవాళ్ళం. ఓసారి కూనవరం వెళ్ళాల్సిన మేము పేరంటాలపల్లి చెట్లనీడన రెండు రోజులుండిపోయాం. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎగువకు సాగే లాంచీకి పరుగు చేతకాదు. ఏటి ఉరవడిని బతిమాలుకుంటూ, బుజ్జగించుకుంటూ జానెడు జానెడుగా ముందుకు జరిగేది. ఆ నెమ్మదిలోనే లోకం కళ్ళకు ఆనేది. ఇసుకతిన్నె మీద ఒంటికాలి కొంగ, పుచ్చపాదుల పచ్చదనం, గుడ్డలుతికే చప్పుడు, ఆ చప్పుడుకు ఆవలిగట్టు పలికే మారుచప్పుడు. పాపిట తీసినట్టు కొండలు విడిపోయేచోట నీరు నల్లబడేది, మాటలు వాటంతటవే సన్నగిల్లేవి. ఆకలి కూడా అక్కడ అరిచేది కాదు.

ఉన్నట్టుండి గట్టు మీద ఒక చెయ్యి లేచేది. ఇంజను జోరు తగ్గేది. సరంగు చుక్కాని చక్రాన్ని పసిబిడ్డ తల నిమిరినట్టు తిప్పేవాడు. లాంచీ ముక్కు మెత్తగా ఇసుకలో దిగబడేది. కళాసీ బల్ల దించేవాడు. జానెడున్నర వెడల్పు చెక్క. జారకుండా అడ్డంగా కొట్టిన బద్దలు, ఎన్ని వందల పాదాలు తొక్కాయో, నడుమ అద్దంలా నునుపెక్కి ఉండేవి. కొండరెడ్ల ముసలమ్మ నెత్తిన వెదురుబుట్టతో, బుట్టలో అడ్డాకుల కట్టలతో, ఆ బల్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేది. కళాసీ నడుములోతు నీళ్ళలో నిలబడి ఆమె మోచెయ్యి పట్టుకునేవాడు. ఆమె కుదురుగా కూచున్నాకే గంట మోగేది. ఒక్క మనిషి కోసం అంత పెద్ద లాంచీ ఆగడం! నేను చూసిన మర్యాదల్లో దానికి సాటి వచ్చేది మరొకటి లేదు.

ఇప్పుడూ పడవలున్నాయి. పొద్దున ఎక్కించి పొద్దుగూకేలోగా దింపేస్తాయి. మైకు హోరులో నది గొంతు వినపడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారపడవ మునిగి ఎందరో ప్రాణాలు పోయాక కట్టుదిట్టాలు వచ్చాయి. రావాల్సినవే, ఆ తల్లుల కడుపుకోత ముందు నా బెంగ ఏపాటిది? పోలవరం ఆనకట్టను తిట్టే నోరూ నాకు లేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని ముగించిన నాటి నుంచి ఆ నీటి అన్నమే తిన్న ఇల్లు మాది. పోలవరంలో సముద్రమట్టం నుంచి నూటయాభై అడుగుల ఎత్తున నీరు నిలిస్తే దిగువన ఎన్ని చేలు నవ్వుతాయో తెలుసు. కానీ ఆ నవ్వు కోసం ఎగువన పొయ్యిలు ఆర్పుకుని కదిలిపోయిన వాళ్ళున్నారు. మా అన్నంలో వాళ్ళ గడప ఉంది, వాళ్ళ రేవు ఉంది. ముద్ద కలిపే ముందు ఆ సంగతి ఒక్కసారి తలుచుకోండి.

మొన్న విహారపడవలో ఆ దారినే వెళ్ళాను. దేవీపట్నం వచ్చిందన్నారు. చూస్తే నీళ్ళే. టీ తాగిన గట్టు ఆ నీళ్ళ అడుగున ఉంది. పడవ ఆగలేదు. చెయ్యెత్తడానికి అక్కడ ఎవరూ లేరు.