వన్స్ మోర్!

పద్యనాటకానికి వచ్చిన పల్లెజనం ఎక్కడపడితే అక్కడ ఈల వేయరు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే పందిరంతా సద్దుమణుగుతుంది. మొదటి మూడు పాదాల్లో మాటమాటా విడివిడిగా వినపడాలి. మధ్యలో ఎవరైనా చప్పట్లు కొడితే పక్కవాడే కసురుకుంటాడు. నాలుగో పాదం చివరి అక్షరం పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. హార్మోనియం వెన్నంటే నడుస్తుంది. గొంతు పైషడ్జమం అందుకుని అక్కడ నిలిచిందా, ముందు ఒక ఈల, ఆ వెంటనే నాలుగు మూలల నుంచీ 'వన్స్ మోర్!'

ఈ కేక వెనక పెద్ద వినికిడి ఉంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని పద్యాలు చదువురాని రైతులకు సైతం కంఠతా వచ్చు. కథా తెలుసు, పద్యమూ తెలుసు. ఇవాళ ఈ నటుడు దాన్ని ఎలా పలుకుతాడన్నదే తేలాలి. షణ్ముఖి ఆంజనేయరాజు రాగానికి ఊగిపోయిన జనమే, పీసపాటి నరసింహమూర్తి మాట విరుపుకీ అర్థస్ఫూర్తికీ జేజేలు పలికారు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవారు. ఎవరి పద్యం నిలిచిందో తెల్లారేసరికి జనమే తేల్చేవారు.

మళ్లీ పాడమన్నారని ఉన్నదున్నట్టు పాడితే కుదరదు. కొత్త సంగతి పడాలి. అందుకే అనుభవమున్న నటుడు మొదటిసారే గొంతులో ఉన్నదంతా ఖర్చుపెట్టడు. మెచ్చినవాళ్లు వేదికెక్కి కృష్ణుడి ఉత్తరీయానికి నోటు గుచ్చుతారు. 'ఫలానా ఊరు కాపురస్తులు, కృష్ణ పాత్రధారికి నూట పదహార్లు' అని మైకులో చదువుతారు. ఆ కాసేపూ దుర్యోధనుడు సింహాసనం మీద ఓపిగ్గా కూర్చోవలసిందే.

ఇది నాటకాన్ని చెడగొడుతుందన్న మాట కొత్తది కాదు. నటనకే పెద్దపీట వేసిన బళ్ళారి రాఘవ (1880–1946) పద్యాన్ని రాగాలతో సాగదీయడాన్ని మెచ్చలేదు. ఆయన అభ్యంతరంలో న్యాయముంది. కొడుకు శవం ముందు ఏడ్చే తల్లిని ఇంకోసారి ఏడవమనడం ఏ రసం? పరిషత్తు పోటీల్లో గడియారం చూసుకుంటూ ఆడాలి కనుక అక్కడ ఈ కేకకు చోటే తక్కువ.

అయినా నేను జనం పక్షమే. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ఇప్పుడు మనం వినే జాషువా శ్మశాన పద్యాలు ఆ నాటకకర్త రాసినవి కావు. నటులు తెచ్చి కలుపుకున్నారు. జనం విన్నారు, మళ్లీ పాడమన్నారు, ఇక వదలనివ్వలేదు. డి.వి. సుబ్బారావు వేషం కట్టే నాటికి ఆ పద్యాలు లేని కాటిసీను ఎవరికీ ఆనేది కాదు. శ్మశానంలో అందరూ సమానమేనని ఒక దళిత కవి చెప్పిన మాట, ఊళ్లో అతణ్ణి ఎడంగా నిలబెట్టిన కాలంలోనే, అదే ఊరి నడిబొడ్డున వేసిన పందిట్లో వన్స్ మోర్ కొట్టించుకుంది.