వీడియో ప్లేయరు ఎన్నికకు గీటురాయి

సొంత వెబ్‌సైటులో పాఠములను వీడియోలుగా ప్రసారము చేయదలచిన సంస్థలు ప్లేయరును ఎన్నుకొనునప్పుడు సాధారణముగా మీటల సొగసును, రంగులను చూచును. ఇది కొమ్ముల రంగు చూచి ఎద్దును కొనుట వంటిది. పల్లెలో పాత ఫోనుతో, బలహీనమైన లైనుమీద పాఠము వినగోరు విద్యార్థికి అది ఎట్లు పనిచేయుననునదే అసలు గీటురాయి.

ఒక లెక్క చూడుడు. సెకనుకు 20 లక్షల బిట్ల చొప్పున తయారైన వీడియోలో 6 సెకన్ల ముక్క 120 లక్షల బిట్లగును. సెకనుకు 10 లక్షల బిట్లు మాత్రమే తెచ్చు లైనులో అది చేరుటకు 12 సెకన్లు పట్టును. కావున బొమ్మ మాటిమాటికి ఆగిపోక తప్పదు. అదే పాఠమును 5 లక్షల బిట్ల చొప్పున కూడ సిద్ధపరచినచో ముక్క 3 సెకన్లకే చేరును. గంట పాఠమునకు 900 మెగాబైట్లకు బదులు 225 చాలును. లైను వేగమును కొలుచుచు తగిన ముక్కను కోరు తెలివి ప్లేయరునకు ఉండవలెను. 2009లో ఆపిల్ సంస్థ తెచ్చిన హెచ్.ఎల్.ఎస్., 2012లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన డాష్ అను పద్ధతుల సారమిదియే.

బ్రౌజరులోని వీడియో టాగునకు ఒకే ఎం.పి.4 ఫైలు నిచ్చినచో ఇట్టి ఎంపికకు తావుండదు. రెండు మూడు నిమిషముల చిన్న వీడియోకు అది చాలును; గంట పాఠమునకు చాలదు.

2010లో మొదలైన వీడియో జె.ఎస్. ఉచితముగా లభించును. 2018లో వచ్చిన 7వ కూర్పు నుండి పై రెండు పద్ధతులను ఆడించు యంత్రాంగము అందులోనే కలదు. మీటలు, ఉపశీర్షికలు సిద్ధముగా నుండుట దాని గుణము; బరువు దాని దోషము. హెచ్.ఎల్.ఎస్. జె.ఎస్. తేలికైనది గాని, మీటలను ఈయదు. బ్రౌజరు మీటలతో సరిపెట్టుకొనవలెను, లేదా స్వయముగా నిర్మించుకొనవలెను. గూగుల్ సంస్థ వారి షాకా ప్లేయరు రక్షణతాళములు గల చలనచిత్రములకు తగినది; కళాశాల పాఠములకు అంతటి సాధనము అనవసరము. ప్రోగ్రాములు వ్రాయువారు లేని సంస్థకు వీడియో జె.ఎస్. మేలు, ఉన్నచో హెచ్.ఎల్.ఎస్. జె.ఎస్.

వెబ్ వి.టి.టి. అను ఉపశీర్షికల ఫైలు యూనికోడులో వ్రాయబడును గనుక తెలుగునకు ఆటంకము లేదు. అయినను చిన్న తెరమీద వత్తులు తెగకుండ కనబడుచున్నవో లేదో పరీక్షింపవలెను.

2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు ఆదరణ ముగిసినప్పుడు, దానినే నమ్మిన వీడియో పుటలు మూగవోయినవి. కావున బహిరంగ ప్రమాణములనే ఆశ్రయించుట క్షేమము.

ఎంత మంచి ప్లేయరైనను, తక్కువ బిట్ల ప్రతిని సిద్ధపరచని సంస్థకు మేలు చేయజాలదు. అట్టి ప్రతికి అదనపు శ్రమ, కొంత నిల్వచోటు కావలెను. ఆ ఖర్చును సంస్థ భరింపనిచో, దానిని విద్యార్థి తన డేటాతోను, ఓర్పుతోను చెల్లింపవలసి వచ్చును.