మా ఇంటి కొలత ఎవరు తీశారు?

నగరంలో స్తోమత ఉన్నవారు ఇల్లు కట్టించుకుంటే ఆర్కిటెక్టు ముందు వాళ్ళతో కూర్చుంటాడు. ఇంట్లో ఎందరుంటారు, ఎన్నింటికి లేస్తారు, చుట్టాలు ఎక్కువా అని అడిగాకే గీత గీస్తాడు. దీన్ని కొత్త విద్యగా చెప్పుకుంటున్నారు. మాకు కొత్త కాదు. ఆదివాసీ తన బతుకును బట్టే తన ఇల్లు కట్టుకున్నాడు.

కోయ ఇంటిని చూడండి. వెదురు దడికి మట్టి మెత్తిన గోడ ఎండాకాలం చల్లగా ఉంటుంది. కిందికి దిగిన చూరు వానజల్లును గోడకు తగలనివ్వదు. పొయ్యి పొగ అటక మీది విత్తనాలకు పురుగు పట్టనివ్వదు. అరుగు మీద చుట్టాలు కూర్చుంటారు, ముసలివాళ్ళు పడుకుంటారు. వాకిట్లో ఇప్పపువ్వు ఆరుతుంది. పక్కనే కోళ్ళగూడు, మేకల దొడ్డి, కూరపాదులు. గోడల మధ్య ఉన్నది సగం ఇల్లే. మిగతా సగం బయట ఉంటుంది.

పోలవరం ముంపు ఊళ్ళ కోయలకు, కొండరెడ్లకు కట్టిన కాలనీల్లో ఒకే కొలత స్లాబు ఇళ్ళు వరుసగా నిలబడ్డాయి. స్లాబు వద్దని మేము అనడం లేదు. గడ్డికప్పుకు నిప్పు భయం, దాన్ని మళ్ళీ మళ్ళీ మార్చే చాకిరీ మాకు తెలుసు. పక్కా కప్పు మావాళ్ళూ కోరుకున్నదే. మా అభ్యంతరం సిమెంటు మీద కాదు, అడగకుండా గీసిన గీత మీద. అటక లేని ఇంట్లో విత్తనం ఎక్కడ దాచాలి? వాకిలి లేనిచోట ఇప్పపువ్వు ఎక్కడ ఆరబోయాలి? మేకను ఎక్కడ కట్టాలి? చోటు లేక మేకను అమ్ముకుంటే పోయేది అలవాటు కాదు, జీవనాధారం.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధనలు ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలంటాయి. లబ్ధిదారే కట్టుకోవాలి, కాంట్రాక్టరు ఉండకూడదనీ అంటాయి. అంటే యజమాని మాటకు విలువ ఉండాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో పునరావాసానికి ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. పునరావాసమంటే ప్లాటు నంబరు, చెక్కు మాత్రమేనా? ఇంటి నమూనా కూడా అందులో భాగమే.

అందుకే మేము అడిగేది ఒక్కటే. గోడ లేవకముందే ఇంటి పటాన్ని గ్రామసభలో నేలమీద అసలు కొలతతో ముగ్గు పోసి చూపించండి. మా ఆడవాళ్ళు అందులో నడిచి చూస్తారు. పొయ్యి ఎక్కడ, అటక ఎక్కడ, కోళ్ళగూడు ఎక్కడ అన్నది వాళ్ళే చెబుతారు. కాగితం మీది పటం చదవలేనివాళ్ళు కూడా నేలమీది గీతను సరిదిద్దగలరు. ముగ్గు చెరపడానికి ఖర్చు లేదు. కట్టిన గోడను మార్చడానికి మా దగ్గర డబ్బు లేదు.