ఏడుగురు అన్నదమ్ముల కథ, మూడు తీగల కిక్రి

ఐదు రంగుల దుస్తుల్లో ఐదుగురు వీరులతో 1975లో జపాన్ టీవీలో మొదలైంది ‘సూపర్ సెంటాయ్’. మన పిల్లలకు తెలిసిన ‘పవర్ రేంజర్స్’కు మూలం అదే. యాభై ఏళ్ల ఆ పరంపర ఇక ఆగిపోతుందని 2025లో వార్త వచ్చేసరికి అభిమానులు దిగులుపడ్డారు. అయితే ఆ పాత కథలన్నీ రికార్డుల్లో పదిలంగా ఉన్నాయి. మన ఆదిలాబాద్ అడవుల్లోనూ అంతకన్నా ఎంతో పాతవైన వీరుల జట్లున్నాయి. వాటిని నిలబెడుతున్నది మాత్రం మనిషి గొంతు, ఒక వాయిద్యం.

రాజ్‌గోండుల గోత్రాలన్నీ నాలుగు ‘సగ’లుగా ఉంటాయి. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులవి. గుహలో బందీలైన దేవతలను పహండి కుపార్ లింగల్ విడిపించి, ఇలా విభజించాడని గాథ చెబుతుంది. ఒకే సగ వాళ్లది అన్నదమ్ముల వరస కాబట్టి పిల్లనిచ్చినా, తెచ్చుకున్నా వేరే సగతోనే. కేస్లాపూర్‌లో నాగదేవుడు నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు ఏడుగురు అన్నదమ్ముల సగకు చెందినవాళ్లు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ దేవుణ్ని ఎలా కొలవాలో తేల్చేది ఈ గాథలే.

వీటిని పాడేది పర్ధాన్లు. గోండు వంశాలకు తరతరాలుగా సొంత పర్ధాన్లుంటారు. వంశ దైవమైన పెర్సాపేన్ పూజకూ, చావు కర్మలకూ వాళ్లు రావాల్సిందే. ప్రధాన గాయకుడి చేతిలో కిక్రి ఉంటుంది. చెక్క బుర్రకు తోలు బిగించి, మూడు తీగలు కట్టి, విల్లుతో పలికించే వాయిద్యమది. అతను కొంత కథను వచనంలో చెప్పి, కొంత పాడతాడు. పక్కవాళ్లు గొంతు కలిపి పల్లవి అందుకుంటారు. పెప్రే ఊది, డోలు కొడతారు. పాడే కథ ఎదురుగా కూర్చున్నవాళ్ల తాతముత్తాతలదే. అందుకే గాయకుడికి రాగం ఒక్కటే వస్తే సరిపోదు. వంశక్రమం, దేవతల పేర్లు అన్నీ కంఠస్థమై ఉండాలి. పైగా ఆదిలాబాద్ పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ. గాథ మాత్రం గోండిలో నడుస్తుంది. తండ్రి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకుంటే గాని పట్టుబడని విద్య ఇది.

పర్ధాన్లు నోటితో ఆగిపోలేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులు వాళ్లు దాచుకున్నవే. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. 1940లలో మార్లవాయిలో ఉన్న మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఈ గాథలను విని, రాసుకుని 1948లో పుస్తకంగా తెచ్చాడు. ఇక్కడి తోటి తెగవాళ్లు కూడా కిక్రి వాయిస్తూ గోండుల గాథలు పాడతారు.

కాగితం మీదికెక్కినంత మాత్రాన విద్య బతికినట్టు కాదు. గోండు రైతు ఇచ్చే ధాన్యం, పశువులు, బట్టలు పర్ధాన్‌కు సంప్రదాయంగా జీవనాధారం. ఆ రైతు చేతిలో భూమి తగ్గితే దానమూ తగ్గుతుంది. దానం తగ్గితే పర్ధాన్ కొడుకు కూలికో, పట్నానికో పోతాడు. బడిలో గోండి వినపడకపోతే కథ వినే పిల్లలకూ భాష అందదు. పాడేవాడూ వినేవాడూ ఒకేసారి తగ్గిపోవడమే అసలు ప్రమాదం.

హైమండార్ఫ్ ఉన్న ఆ మార్లవాయికే చెందిన గుస్సాడీ నృత్య కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. గురువు ఉండగానే గౌరవం రావడం మంచిదే, కానీ గౌరవంతో పాటు శిష్యులూ రావాలి. ఉట్నూర్ ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పర్ధాన్, తోటి పెద్దలను జీతమిచ్చి గురువులుగా పెట్టాలి. వంశ పెద్దల సమ్మతితో గాథలను పూర్తిగా రికార్డు చేసి, ఆ పిల్లలకే పాఠంగా ఇవ్వాలి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వెళ్లే మనమూ నాగోబా జాతర చూసి వచ్చేయకుండా, కిక్రి వినిపించిన చోట కూర్చుని కథ చివరిదాకా విందాం. పాడేవారికి తగిన సంభావన ఇచ్చి వద్దాం.