పోర్టు, పైపు, జెట్టు: టూ స్ట్రోక్ డ్రాగ్ బండి విద్య

డ్రాగ్ రేసులో మలుపు ఉండదు. నిలిచి ఉన్న బండి ఆకుపచ్చ దీపం వెలగగానే బయల్దేరి, తిన్నని దారి చివరి గీతను ఎంత త్వరగా దాటిందన్నదే లెక్క. సంప్రదాయంగా ఆ దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. కొన్ని పోటీల్లో అంతకన్నా తక్కువ. ఇద్దరు పక్కపక్కన పరుగెత్తుతారు, గెలిచినవాడు తరువాతి వరుసకు వెళతాడు. నియమాలు ఇంత సాదాగా ఉన్నా, బండిని సిద్ధం చెయ్యడానికి ఇంజన్ గురించి తెలియాల్సింది చాలా ఉంది. దక్షిణాదిలో సొంత డబ్బుతో, ఇంటి పక్క షెడ్డులో ఈ విద్య నేర్చుకున్న ఔత్సాహికుల్లో చాలామంది మొదలుపెట్టింది చిన్న టూ స్ట్రోక్ మోటార్ సైకిల్‌తో, ముఖ్యంగా యమహా ఆర్‌ఎక్స్ 100తో.

ఈ ఆట అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమాన దారుల మీద కుదురుకుంది. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయంలో పోటీలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఆ కాలానికి గుర్తుగా నిలిచిన బండి ముందు ఇంజన్ డ్రాగ్‌స్టర్. పొడుగాటి ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద ఇంజన్, ఉండేలు తోలులో రాయిలా వెనక ఇరుసుకూ వెనక ఒదిగిన డ్రైవర్. వెనక చక్రాల మీద బరువు పడితేనే నేల పట్టు దొరుకుతుంది కాబట్టి ఆ అమరిక. ప్రమాదమూ అందులోనే ఉంది, ఎందుకంటే క్లచ్చు, గేరుపెట్టె రెండూ డ్రైవర్ కాళ్ళ దగ్గరే తిరుగుతాయి. 1970 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో గేరుపెట్టె పేలి డాన్ గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం పోగొట్టుకున్నాడు. ఆయన ఇంజన్‌ను తన వెనక్కి మార్చి కట్టిన బండి 1971లో గెలవడం మొదలుపెట్టాక, పాత అమరిక పై తరగతుల నుంచి తప్పుకుంది. ఔత్సాహికులు మాత్రం దాన్ని వదల్లేదు. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర ఫమోసోలో జరిగే మార్చ్ మీట్ లాంటి పోటీల్లో ముందు ఇంజన్ బండ్లు ఇప్పటికీ పరుగెత్తుతాయి. కంప్యూటర్ అక్కర్లేకుండా చేత్తో విప్పి, కొలిచి, మార్చి, ఫలితం అదే రోజు చూసుకోగల యంత్రం కావడమే కారణం. ఆర్‌ఎక్స్ 100ను ఇక్కడివాళ్ళు దాచుకుంటున్నదీ అందుకే.

మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వైపు వచ్చే దారిలో ఉన్న శోలవరంలోనూ యుద్ధకాలపు విమాన దారే రేసు ట్రాక్ అయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ దశాబ్దాలపాటు పోటీలు నడిపి, తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుక్కోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. జాతీయ మోటార్ సైకిల్ డ్రాగ్ పోటీలకు ఆ ట్రాక్ వేదిక అయింది. ఇంజన్ పరిమాణాన్ని బట్టి, టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా అన్నదాన్ని బట్టి తరగతులు ఉంటాయి. బెంగళూరు రైడర్ హేమంత్ ముద్దప్ప సుజుకీ హయబూసా మీద అనేక టైటిళ్ళు గెలిచింది పెద్ద బండ్ల తరగతుల్లో. చిన్న టూ స్ట్రోక్ తరగతి ఖర్చు తక్కువ, మెకానిక్ పనితనం ఎక్కువ కనిపించే చోటు.

పుదుచ్చేరి ఔత్సాహికుణ్ణే తీసుకుంటే, విలుప్పురం రోడ్డు మీది రెడ్డియార్‌పాళయం నుంచి ఆ ట్రాక్‌కు తిండివనం, చెంగల్పట్టు మీదుగా కొద్ది గంటల దారి. లేత్, వెల్డింగ్ పనులకు తట్టాంచావడి, మేట్టుపాళయం పారిశ్రామిక వాడలు దగ్గరే. ఔత్సాహికుడికి అంతకన్నా పెద్ద సదుపాయం అక్కర్లేదు. డిగ్రీ చక్రం, డయల్ గేజి, బ్యూరెట్టు, మంచి వెర్నియర్, నోటు పుస్తకం ఉంటే చాలావరకు పని సాగుతుంది. ఇందులో ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఆఖరిదాన్ని.

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. బోరు 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ., పరిమాణం 98 సి.సి., శక్తి 11 హార్స్‌పవర్, గేర్లు నాలుగు. తర్వాతి ఆర్‌ఎక్స్ 135లో స్ట్రోకు మారలేదు, బోరు 58కి పెరిగి 132 సి.సి. అయింది. క్యామ్ షాఫ్టు, అది తెరిచే వాల్వులు లేని ఈ ఇంజన్‌లో గాలి రావడం, పొగ పోవడం సిలిండర్ గోడలోని కిటికీల గుండా జరుగుతాయి. ఆ కిటికీలే పోర్టులు. వాటి ఎత్తు, వెడల్పు, వాలు మారిస్తే ఇంజన్ స్వభావమే మారిపోతుంది.

పొగ పోయే ఎగ్జాస్ట్ పోర్టు ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది క్రాంకు తిరుగుడు డిగ్రీల్లో కొలుస్తారు. రోడ్డు బండికి సుమారు 170 నుంచి 180, రేసు బండికి 190 నుంచి 200 దాకా ఉండవచ్చు. 50 మి.మీ. స్ట్రోకులో పోర్టు పై అంచును ఒక్క మిల్లీమీటరు పైకి తవ్వితే దాదాపు నాలుగైదు డిగ్రీలు పెరుగుతాయి. శక్తి పుట్టే వేగం పైకి జరుగుతుంది. కింది వేగాల్లో లాగే బలం పోతుంది. వెడల్పు పెంచడం మరింత సున్నితమైన పని. పోర్టు వెడల్పు బోరులో 70 శాతం దాటితే, అంటే ఈ సిలిండర్‌లో 35 మి.మీ. దాటితే, పిస్టన్ రింగు ఆ ఖాళీలోకి ఉబ్బి అంచుకు తగిలి విరిగే ప్రమాదం పెరుగుతుంది. పై అంచు కొద్దిగా వంపుగా ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి, తవ్విన ప్రతి అంచునూ నున్నగా చెక్కాలి. ట్రాన్స్‌ఫర్ పోర్టులు తాజా మిశ్రమాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా, వెనక గోడ వైపు మళ్ళించేలా, రెండు పక్కలా ఒకే కోణంలో ఉండాలి. తవ్విన లోహం తిరిగి రాదు కాబట్టి, కాగితం మీద ముద్ర తీసి, గీసి, లెక్క వేశాకే గ్రైండర్ పట్టాలి. పేరున్న పాత మెకానిక్‌లు ఒక్క సిలిండర్ మీద రోజులు గడపడం చేతకాక కాదు.

సిలిండర్ హెడ్డులో చూడాల్సింది స్క్విష్, అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు అంచు దగ్గర మిగిలే సందు. మెత్తటి సోల్డర్ తీగను ప్లగ్గు రంధ్రంలోంచి గోడ దాకా పెట్టి క్రాంకు తిప్పితే తీగ నలుగుతుంది. నలిగిన మందమే ఆ సందు. వంద సి.సి. ఇంజన్‌లో 0.8 నుంచి 1 మి.మీ. మధ్య ఉంటే మిశ్రమం ప్లగ్గు వైపు గట్టిగా నెట్టబడి, అంచుల్లో దానంతటదే పేలకుండా, సమంగా మండుతుంది.

టూ స్ట్రోక్ విద్యలో అన్నిటికన్నా అందమైన భాగం ఎగ్జాస్ట్ పైపు. తూర్పు జర్మనీలోని ఎమ్‌జెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ 1950లలో దీన్ని శాస్త్రంగా మలిచాడు. పోర్టు తెరుచుకోగానే బయల్దేరిన ఒత్తిడి అల, పైపు వెడల్పయ్యే చోట వెనక్కి పీల్పును పంపి పాత పొగను లాగేస్తుంది. అదే అల చివర ఇరుకయ్యే శంకువుకు తగిలి తిరిగొచ్చి, అప్పటికే పైపులోకి జారిన తాజా మిశ్రమాన్ని పోర్టు మూసుకునే లోపు సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. 1961లో కాడెన్ 125 సి.సి. ఇంజన్ లీటరుకు 200 హార్స్‌పవర్ లెక్కన శక్తినిచ్చింది. ఆ ఏడాదే రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పడమటికి పారిపోయి సుజుకీలో చేరడంతో ఈ జ్ఞానం జపాన్‌కు చేరింది.

పైపు పొడుగు లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఇంజన్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగేటప్పుడు 190 డిగ్రీలకు పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు మూడుకు కాస్త పైన. వేడి పొగలో అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుంది. ఆ వ్యవధిలో దాని ప్రయాణం 1.58 మీటర్లు, పోయి రావాలి కాబట్టి అల తిరిగే చోటు పోర్టు నుంచి దాదాపు 79 సెం.మీ. దూరంలో ఉండాలి. పొట్టి పైపు ఎక్కువ చుట్ల దగ్గర, పొడుగు పైపు తక్కువ చుట్ల దగ్గర పని చేస్తుంది. పోర్టులు ఒక వేగానికి తవ్వి పైపు మరో వేగానికి కడితే రెండు పనులూ వృథా. పేరున్న పైపు కొని తగిలించడం కన్నా తన సిలిండర్‌ను కొలిచి, రేకు కోసి, శంకువులు చుట్టి వెల్డింగ్ చేసుకున్నవాడే ఈ బండిని నిజంగా తెలుసుకుంటాడు. ఇగ్నిషన్ టైమింగ్ కూడా పైపుతో ముడిపడిందే. పై చుట్లలో నిప్పు కాస్త ఆలస్యంగా పెడితే పొగ మరింత వేడిగా పైపులోకి వెళుతుంది, అల వేగం పెరుగుతుంది, ఇంజన్ ఇంకొన్ని వందల చుట్లు ఎక్కువ సాగుతుంది.

కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రం జెట్టు. దాని ఎంపిక వాతావరణంతో నడిచే పని. పుదుచ్చేరి సముద్ర మట్టంలోనే ఉన్నా, వేసవి మధ్యాహ్నం 38 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలికన్నా దాదాపు 4 శాతం పలచన. 35 డిగ్రీల దగ్గర తేమ 70 శాతం ఉంటే ఆ గాలిలో మరో 4 శాతం చోటు నీటి ఆవిరిదే. ఉదయం సరిపోయిన మెయిన్ జెట్టు మధ్యాహ్నానికి ఎక్కువ పెట్రోలు పోస్తున్నట్టే. 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో గాలి ఒత్తిడి సుమారు 10 శాతం, 540 మీటర్ల హైదరాబాదులో 6 శాతం తక్కువ. జెట్టు చిన్నదైతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది కాబట్టి, ఎప్పుడూ పెద్ద జెట్టుతో మొదలుపెట్టి ఒక్కో అంచె దిగాలి. పూర్తి యాక్సిలరేటర్ మీద పరుగు ముగిశాక ఒక్కసారిగా ఇంజన్ ఆపి, క్లచ్చు పట్టి, ప్లగ్గు విప్పి పింగాణీ అడుగున ఉన్న వలయం చూస్తారు. లేత బిస్కెట్ రంగు కనిపిస్తే సరి. తెల్లబారితే జెట్టు తక్షణం పెంచాలి.

రేసు బండికి ఆయిల్ పంపు తీసేసి లీటరు పెట్రోలులో 40 నుంచి 50 మి.లీ. ఆయిల్ కలుపుతారు. పాతతరం రేసు ఆయిళ్ళకు మూలం ఆముదం. కాస్ట్రాల్ పేరు దాని నుంచే వచ్చింది. వేడిలోనూ లోహాన్ని వదలని గుణం దానిది. పెట్రోలులో అది అంత బాగా కలవదు, మిథనాల్‌లో కలుస్తుంది. నియమాలు ఒప్పుకునే తరగతుల్లో మిథనాల్ వాడితే ఇంజన్ చల్లగా ఉంటుంది, కాని పెట్రోలుకన్నా రెండు రెట్లకు పైగా పొయ్యాలి. దాని మంట పగటి వెలుగులో కనిపించదు. సరైన మంటలార్పే పరికరం, తోడు మనిషి లేకుండా ఔత్సాహికుడు దాని జోలికి పోకూడదు.

పరుగు మొదలయ్యే చోట గీతకు అడ్డంగా రెండు కాంతి కిరణాలు, పక్కన దీపాల స్తంభం. బండి గీత దాటిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది, రైడర్ స్పందన కాలం విడిగా లెక్క. పరుగు ముగిశాక ఇచ్చే చీటీలో ముఖ్యంగా చూడాల్సినవి మొదటి 60 అడుగుల సమయం, మొత్తం సమయం, చివరి వేగం. చివరి వేగం ఇంజన్ బలాన్ని చెబుతుంది. మొదటి 60 అడుగులు క్లచ్చు, టైరు గాలి, స్ప్రాకెట్ పళ్ళు, మనిషి తీరును చెబుతాయి. వేగం బాగుండి సమయం బాగాలేకపోతే సిలిండర్ తవ్వాల్సిన పని లేదు, బయల్దేరే తీరు సరిచేసుకోవాలి. పావు మైలు లెక్కల్లో అనుభవం మీద తేలిన సూత్రం ప్రకారం చివరి వేగం శక్తి, బరువుల నిష్పత్తి ఘనమూలాన్ని అనుసరిస్తుంది. అంటే శక్తి రెట్టింపైనా వేగం 26 శాతమే పెరుగుతుంది. మనిషితో కలిపి 160 కిలోల బండిలో 10 కిలోలు తగ్గించడం శక్తిని ఆరు శాతానికి పైగా పెంచినంత పని, పైగా ఏ భాగమూ విరగదు. ఒక పరుగుకూ ఇంకో పరుగుకూ మధ్య ఒక్క మార్పే చెయ్యాలి. జెట్టూ స్ప్రాకెటూ కలిపి మారిస్తే ఏది ఫలించిందో ఎప్పటికీ తెలియదు.

ఇలా మార్చిన బండికి రోడ్డు మీద చోటు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను, 189వ సెక్షన్ రోడ్డు మీద పందేలను నిషేధిస్తాయి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద రాత్రి పూట పందెం కాసేవాళ్ళకు కాలం కొలిచే కిరణమూ ఉండదు, ఎదురుగా వచ్చే లారీకి అడ్డుకట్టా ఉండదు. అక్కడ నేర్చుకోగలిగిన విద్య ఏదీ లేదు. స్థానికులు కుట్టి యానై అని పిలిచే టాటా ఏస్‌లో బండిని కట్టి ట్రాక్‌కు తీసుకెళ్ళాలి. పోటీకి మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య లైసెన్సు, పూర్తి ముఖాన్ని కప్పే హెల్మెట్, తోలు సూటు, చేతి తొడుగులు, బూట్లు కావాలి. రైడర్ పడిపోతే ఇంజన్ ఆగిపోయేలా మణికట్టుకు కట్టిన తాడుతో కిల్ స్విచ్ ఉండాలి.

పోటీ ముగిసి ఇంటికి చేరిన రాత్రే మిథనాల్ వాడిన కార్బొరేటర్‌లో పెట్రోలు నడిపించి కడగాలి, లేకుంటే మిగిలిన మిథనాల్ గాలిలోని తేమను పీల్చి అల్యూమినియాన్ని తినేస్తుంది. సముద్రపు ఉప్పు గాలి ఉన్న ఊళ్ళో క్రాంకు బేరింగులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, క్రాంకు తిప్పి, పైపు మూతి, కార్బొరేటర్ మూతి గుడ్డతో మూసి ఉంచుతారు. తరువాతి పోటీకి ముందు హెడ్డు విప్పి రింగు చివరల సందు, పిస్టన్ పక్కల గీతలు, కనెక్టింగ్ రాడ్ ఆట కొలిచి, పాత కొలతల పక్కన తేదీ వేసి రాసుకుంటారు.