నూటికి 90 పాళ్ళ లెక్క

బొగ్గుతో నడచు పాత విద్యుత్కేంద్రములను మూయకయే, వాని పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి భూగర్భమున దాచవచ్చునను వాదము ప్రచారములో నున్నది. ఇందుకు కెనడా దేశమున సస్కాచెవాన్ రాష్ట్రములోని బౌండరీ డామ్ కేంద్రపు మూడవ యూనిట్టును దృష్టాంతముగా చూపుదురు. 2014 అక్టోబరులో ప్రారంభమైన ఈ ఏర్పాటు ఆ వాయువులో నూటికి 90 పాళ్ళు పట్టగలదని చెప్పిరి. ఈ లెక్క ఎంతవరకు నిలుచునో చూడవలెను.

పద్ధతి సులభముగనే బోధపడును. పొగలోని గంధకపు వాయువును ముందుగా తొలగించి, మిగిలినదానిని అమీన్ ద్రావణముతో కలియనిత్తురు. ద్రావణము చల్లగా నున్నప్పుడు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచినచో విడిచిపెట్టును. కాచుటకు ఆవిరి కావలెను. టర్బైనును త్రిప్పవలసిన ఆవిరియే ఇటు మళ్ళును. వాయువును నొక్కి గొట్టములలో పంపుటకు మరికొంత విద్యుత్తు ఖర్చగును. కనుక ప్రజలకు మునుపటంత విద్యుత్తు అందవలెనన్నచో మరికొంత బొగ్గు కాల్చక తప్పదు.

ఇక రెండవ లోపము. 90 పాళ్ళనునది యంత్రము సరిగా నడచునప్పటి సామర్థ్యమే గాని ఏడాది పొడుగున జరిగిన పని కాదు. ఏటికి 10 లక్షల టన్నులు పట్టుటకు నిర్మించిన ఈ ఏర్పాటు, 2021 మార్చి నాటికి, అనగా ఆరేండ్లకు పైగా, పట్టినది సుమారు 40 లక్షల టన్నులు. యంత్రము ఆగిన దినములలో పొగ యథాప్రకారము ఆకాశమునకే పోయెను.

మూడవది మరింత ముఖ్యము. పట్టిన వాయువులో ఒక భాగము లోతైన ఇసుకరాతి పొరలలోనికి పోయినను, అధికభాగమును వేబర్న్ నూనె క్షేత్రమునకు అమ్మిరి. అచ్చట దానిని నేలలోనికి పంపి, అడుగున మిగిలిన నూనెను పైకి తీయుదురు. వాయువు చాలవరకు నేలలోనే నిలుచును. కాని ఆ నూనె మండినప్పుడు మరల అదే వాయువు పుట్టును. ఖాతాలో జమ వ్రాసి ఖర్చు వ్రాయకుండుట న్యాయము కాదు.

ఇంతమాత్రమున ఈ ప్రయత్నము వ్యర్థమనరాదు. 40 లక్షల టన్నులు స్వల్పము కాదు. ఇట్టి పని సాధ్యమని రుజువైనది. అయితే చిన్న మార్గములను మరువరాదు. పాత కేంద్రపు దక్షత 33 పాళ్ళ నుండి 35 పాళ్ళకు పెరిగినచో, అంతే విద్యుత్తుకు కాల్చు బొగ్గు నూటికి సుమారు 6 పాళ్ళు తగ్గును. వాయువును అంతే తగ్గును. ఇది విద్యార్థులు తరగతిలోనే కట్టి చూడదగిన లెక్క.

పొగగొట్టము వద్ద ఎంత పట్టిరన్నది సగము ప్రశ్న. యూనిట్టు విద్యుత్తుకు మొత్తముమీద వాతావరణమున చేరిన వాయువెంత యన్నదే పూర్తి ప్రశ్న. దానికి జవాబు చెప్పని శాతము ఎంత పెద్దదైనను నమ్మదగినది కాదు.