చివరి వరుస ముందు చదవాలి

పైథాన్ కొత్తగా నేర్చుకునే పిల్లలు తరచూ అనే మాట, ‘సర్, ప్రోగ్రామ్ రన్ కావట్లేదు’. ‘ఎర్రర్ ఏమొచ్చింది?’ అంటే చాలామంది చెప్పలేరు. స్క్రీన్ మీద ఎర్రర్ కనబడగానే కంగారుపడి చెరిపేసి ఉంటారు. వాళ్లకు కావలసిన జవాబు సగం అందులోనే ఉంది.

పైథాన్ ఎర్రర్‌ను కింది నుంచి పైకి చదవాలి. తప్పు ఏ రకమో, ఎందుకొచ్చిందో చివరి వరుస చెబుతుంది. ఏ ఫైల్‌లో, ఎన్నో లైన్‌లో ఆగిందో దాని పైన ఉంటుంది. వయసు అడిగి దానికి ఒకటి కలిపే ప్రోగ్రామ్‌నే తీసుకోండి. ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా పైథాన్‌కు స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే. 20 అని టైప్ చేసినా అది అంకె కాదు. దానికి 1 కలపబోతే టైప్ ఎర్రర్ వస్తుంది, స్ట్రింగ్‌కు స్ట్రింగ్‌నే కలపగలనని చివరి వరుసలో ఉంటుంది. తీసుకున్నదాన్ని ఇంట్‌తో అంకెగా మార్చుకుంటే సరిపోతుంది.

లైన్ నంబర్‌ను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. బ్రాకెట్ మూయడం మరిచిపోతే పాత వెర్షన్లు చాలాసార్లు ఏ తప్పూ లేని తర్వాతి లైన్‌ను చూపేవి. 2021లో వచ్చిన 3.10 నుంచి, తెరిచిన బ్రాకెట్ మూయలేదని ఆ చోటే చూపిస్తోంది. పాత వెర్షన్ వాడేవాళ్లు పై లైన్ కూడా చూసుకోవాలి.

అసలు కష్టం ఎర్రర్ రాని తప్పులతోనే. స్ట్రింగ్‌గా ఉన్న 5ను 3తో గుణిస్తే 15 రాదు, 555 వస్తుంది. పైథాన్ ఏ అభ్యంతరమూ చెప్పదు. ప్రింట్ చేసి చూసినా 5 అనే కనిపిస్తుంది. టైప్ ఏమిటో కూడా ప్రింట్ చేయిస్తేనే గుట్టు తెలుస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలను ఆ ఇంగ్లిష్ వాక్యాలు ఇంకా భయపెడతాయి. కానీ మొదట్లో ఎదురయ్యే ఎర్రర్లు కొన్నే, వాటిలోని మాటలూ మళ్లీ మళ్లీ వచ్చేవే. వాటిని తెలుగులో విడమరిచి చెబితే త్వరగానే పట్టుబడతాయి. మన ల్యాబ్ రికార్డుల్లో సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్, దాని ఔట్‌పుట్ రాయిస్తాం. ఒక్కో ప్రోగ్రామ్‌కు ఇంకో పేజీ కేటాయించి, వచ్చిన ఎర్రర్, దాని అర్థం, సరిదిద్దిన తీరు కూడా రాయించాలి. మార్కులు ముందు ఆ పేజీకే వేయాలని నా అభిప్రాయం. ఉద్యోగంలో వాళ్లు రోజూ చేయబోయే పని అదే.